ఫ్రెంచి విప్లవం, నెపోలియన్: తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షలకు చదివేవారు, బడిలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు, కేవలం ఆసక్తి కొద్దీ చరిత్ర చదివేవారు ఈ విషయంలో దాదాపు ఒకే రకం సందేహాలు అడుగుతుంటారు. వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. 1789 నాటి వాగ్దానాలు ఎవరి దాకా వెళ్లాయి, ఎవరి గడప దగ్గర ఆగిపోయాయి అన్నదే ఈ చరిత్రలో అసలు ప్రశ్న అని నా నమ్మకం. అందుకే యుద్ధాల కంటే చట్టాలకు ఎక్కువ చోటిచ్చాను. అప్పట్లో ఫ్రెంచి వలసైన హైతీ గురించి పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టే పద్ధతిని మాత్రం ఇక్కడ పాటించలేదు.

## విప్లవానికి ముందు

తత్వవేత్తలు రూసో, వోల్టేర్ రాసిన పుస్తకాల వల్లే విప్లవం వచ్చిందా?

విప్లవం మొదలయ్యే నాటికి ఇద్దరూ లేరు. ఇద్దరూ 1778లోనే, కొన్ని వారాల తేడాతో చనిపోయారు. రాజును కదిలించింది ఖాళీ ఖజానా. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన సాయంతో ఫ్రాన్స్ అప్పు విపరీతంగా పెరిగింది. 1788 నాటికి ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం అప్పులు, వడ్డీల చెల్లింపుకే పోయేది. మతాధికారులకు, ప్రభువులకు చాలా పన్నుల నుంచి మినహాయింపు ఉండేది. 1788లో వడగళ్లు పడి పంట పాడైంది, రొట్టె ధర చుక్కలనంటింది. కొత్త పన్నులకు అనుమతి కోసమే పదహారో లూయీ 1614 తరువాత ఎన్నడూ కూడని ఎస్టేట్స్ జనరల్‌ను, అంటే మూడు వర్గాల ప్రతినిధుల సభను, 1789 మే 5న వెర్సాయ్‌లో సమావేశపరిచాడు. ఆకలికి, అప్పుకు పుస్తకాలు కారణం కావు. కానీ ఆ సభలో కూర్చున్న న్యాయవాదులు దయచూపమని వేడుకోకుండా హక్కు అని అడగగలిగారంటే, ఆ ధైర్యం వెనుక రెండు తరాల చదువు ఉంది.

మాంటెస్క్యూ, వోల్టేర్, రూసో ముగ్గురూ చెప్పింది ఒకటేనా?

కాదు. పరీక్షల్లో ముగ్గురి పేర్లూ ఒకే వరుసలో రాయడం వల్ల ఈ అపోహ ఏర్పడింది. మాంటెస్క్యూ 1748లో వెలువరించిన గ్రంథంలో శాసన, కార్యనిర్వాహక, న్యాయ అధికారాలు ఒకే చేతిలో ఉంటే స్వేచ్ఛ బతకదన్నాడు. అమెరికా రాజ్యాంగ కర్తలు ఎక్కువగా ఆధారపడింది ఈయన మీదే. వోల్టేర్ పోరాటం మత అసహనం మీద. తూలూజ్ నగరంలో కొడుకును చంపాడన్న నిందతో జాన్ కలాస్ అనే ప్రొటెస్టెంట్ వర్తకుణ్ని 1762లో చక్రానికి కట్టి చంపితే, వోల్టేర్ మూడేళ్లు పోరాడి 1765లో అతను నిర్దోషి అని ప్రకటింపజేశాడు. అయినా ఆయన ప్రజాస్వామ్యవాది కాదు. వివేకవంతుడైన రాజు చాలనుకున్నాడు, జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ కొలువులో 1750 నుంచి 1753 దాకా ఉన్నాడు.

రూసో వీరిద్దరికీ దూరం. జెనీవాలో గడియారాలు చేసేవాడి కొడుకు. సార్వభౌమాధికారం రాజుది కాదు, ప్రజలది అని 1762లో రాశాడు. విప్లవ నాయకుడు రోబెస్పియర్ ఆరాధించింది ఈయననే. అయితే ఆడపిల్లల చదువు మగవారిని మెప్పించడం కోసమే అన్నట్టు రాసిందీ ఈ రూసోనే. ఆ మాటను దాచిపెట్టి ఆయనను బోధించకూడదు.

"మీ అభిప్రాయంతో ఏకీభవించను, కానీ అది చెప్పే మీ హక్కు కోసం ప్రాణమైనా ఇస్తాను" అన్నది వోల్టేరేనా?

కాదు. 1906లో ఒక ఆంగ్ల రచయిత్రి వోల్టేర్ మీద రాసిన పుస్తకంలో ఆయన వైఖరిని వివరిస్తూ పెట్టిన వాక్యం అది. భావం ఆయనకు దగ్గరే, మాటలు మాత్రం ఆయనవి కావు.

రొట్టె దొరక్కపోతే కేకులు తినమని రాణి నిజంగా అన్నదా?

అన్నదనడానికి ఆధారం లేదు. ఎవరో ఒక గొప్ప రాకుమారి ఇలా అన్నదని రూసో తన ఆత్మకథలో రాశాడు, పేరు చెప్పలేదు. ఆ భాగం రాసే నాటికి ఆ రాణి, అంటే పదహారో లూయీ భార్య మేరీ ఆంట్వానెట్, ఇంకా ఆస్ట్రియాలో ఉన్న చిన్నపిల్ల. ఆమె ఫ్రాన్స్‌కు కోడలిగా వచ్చింది 1770లో. ఆమె మీద మోపదగిన నిజమైన నేరాలు వేరే ఉన్నాయి, యుద్ధ కాలంలో శత్రుదేశమైన ఆస్ట్రియాకు సైనిక సమాచారం పంపడం వాటిలో ఒకటి.

మూడు ఎస్టేట్లు అంటే మన కులాల లాంటివేనా?

పోలిక కొంతదూరమే నడుస్తుంది. మొదటిది మతాధికారులది. వారికి పెళ్లిళ్లు లేవు కాబట్టి అది పుట్టుకతో వచ్చేది కాదు. బిషప్పులు ప్రభువుల ఇళ్ల నుంచి వస్తే, పల్లె చర్చి పూజారులు రైతుల ఇళ్ల నుంచి వచ్చేవారు. రెండోది ప్రభువర్గం. ఇది వంశపారంపర్యమే అయినా, కొన్ని ప్రభుత్వ పదవులు డబ్బుపెట్టి కొని అందులో చేరే దారి ఉండేది. మిగిలిన 97 శాతానికి పైగా జనం మూడో ఎస్టేట్. అందులో ఓడల యజమానీ ఉన్నాడు, సెంటు భూమి లేని కూలీ ఉన్నాడు. సభలో ఎస్టేట్‌కు ఒక ఓటు చొప్పున లెక్కిస్తే పై రెండూ కలిసి మూడోదాన్ని ఎప్పుడూ ఓడించగలవు. 1789 జూన్ 17న మూడో ఎస్టేట్ తనను తాను జాతీయ సభగా ప్రకటించుకున్నది ఈ లెక్కను తిరస్కరించడానికే.

## 1789 నుంచి 1794 వరకు

పారిస్‌లోని బాస్టిల్ జైలుకోటలో ఏడుగురు ఖైదీలే ఉంటే జనం దాని మీద ఎందుకు పడ్డారు?

తుపాకి మందు కోసం. జనాదరణ ఉన్న ఆర్థిక మంత్రి నెకర్‌ను రాజు జూలై 11న తొలగించాడు. పారిస్ చుట్టూ సైన్యం మోహరించింది. జూలై 14 ఉదయం జనం ఇన్వాలిడ్స్ భవనం నుంచి వేలాది తుపాకులు తీసుకున్నారు, వాటికి కావలసిన మందు బాస్టిల్ కోటలో ఉంది. పోరులో ముట్టడిదారులు వందమంది దాకా చనిపోయారు. కోట లొంగడంతో రాజు సైన్యాన్ని వెనక్కి రప్పించక తప్పలేదు. విడుదలైన ఖైదీల సంఖ్యతో ఆ రోజు ప్రాధాన్యాన్ని కొలవకూడదు.

స్త్రీలకు ఈ విప్లవం ఏమి ఇచ్చింది?

కొంత ఇచ్చి, చాలావరకు లాక్కుంది. 1789 అక్టోబర్ 5న పారిస్ స్త్రీలు వానలో వెర్సాయ్ దాకా నడిచి, మరునాడు రాజ కుటుంబాన్ని పారిస్‌కు తీసుకొచ్చారు. ఆ తరువాత రాజు జనం కళ్లెదుటే ఉండవలసివచ్చింది. విడాకుల హక్కు 1792లో వచ్చింది, వారసత్వంలో ఆడపిల్లలకు సమాన వాటా వచ్చింది. ఓటు మాత్రం రాలేదు. 1789లో సభ వెలువరించిన మానవ, పౌర హక్కుల ప్రకటనలో స్త్రీ కనిపించలేదు కాబట్టి రచయిత్రి ఒలాంప్ ద గూజ్ 1791లో స్త్రీ హక్కుల ప్రకటన రాసింది. వధ్యవేదిక ఎక్కే హక్కు స్త్రీకి ఉన్నప్పుడు సభావేదిక ఎక్కే హక్కు కూడా ఉండాలన్నది అందులోని వాదన. 1793 అక్టోబర్ చివర స్త్రీల సంఘాలను నిషేధించారు. నవంబర్ 3న ఆమె తల నరికారు. ఫ్రెంచి స్త్రీకి ఓటు హక్కు 1944లో గాని దక్కలేదు.

తల నరికే గిలటిన్ యంత్రం కనిపెట్టిన డాక్టరు అదే యంత్రం కింద చనిపోయాడా?

లేదు. డాక్టర్ గిలటాన్ 1814లో సహజ మరణం పొందాడు. ధనిక, పేద తేడా లేకుండా అందరికీ ఒకే రకం, బాధ తక్కువ మరణశిక్ష ఉండాలని ఆయన సభలో ప్రతిపాదించాడు. యంత్రం రూపొందించింది అంత్వాన్ లూయీ అనే శస్త్రవైద్యుడు. తొలిసారి వాడింది 1792 ఏప్రిల్‌లో.

రోబెస్పియర్ రాక్షసుడా, విప్లవ రక్షకుడా?

రెండు ముద్రలూ ఆలోచనను ఆపేస్తాయి. 1791లో మరణశిక్షే వద్దని సభలో వాదించింది ఈ మనిషే. యూదులకు, నటులకు పౌరహక్కులు కావాలన్నాడు. 1792లో యుద్ధం వద్దన్నాడు, యుద్ధం సైనిక నియంతను పుట్టిస్తుందని హెచ్చరించాడు. ఏడేళ్ల తరువాత సరిగ్గా అదే జరిగింది. కానీ 1793లో విప్లవ ప్రభుత్వాన్ని నడిపిన ప్రజా భద్రతా సంఘంలో చేరాక, సరిహద్దుల్లో విదేశీ సైన్యాలు, పడమట వాండే ప్రాంతంలో తిరుగుబాటు, పారిస్‌లో ఆకలి, వీటన్నిటికీ భయమే మందు అనుకున్నాడు. విచారణ జరిపి మరణశిక్ష వేసినవారే దాదాపు 17,000 మంది. విచారణ లేకుండా, జైళ్లలో చనిపోయినవారు వీరికి అదనం. 1794 జూన్‌లో నిందితుడికి న్యాయవాదిని కూడా లేకుండా చేసిన చట్టం తెచ్చారు. అప్పటికి సైన్యాలు గెలుస్తున్నాయి, ప్రమాదం తగ్గుతోంది. అందుకే ఆ చట్టాన్ని అవసరం అని సమర్థించలేము. జూలై 28న ఆయన తలా అదే గిలటిన్ కింద తెగింది.

## నెపోలియన్ ఎదుగుదల

నెపోలియన్ ఫ్రెంచివాడా, ఇటాలియనా?

1769 ఆగస్టు 15న కార్సికా ద్వీపంలోని అజాక్సియోలో పుట్టాడు. అంతకు ఏడాది ముందే ఇటలీ నగర రాజ్యం జెనోవా ఆ ద్వీపాన్ని ఫ్రాన్స్‌కు అప్పగించింది. ఇంటి భాష ఇటాలియన్‌కు దగ్గరి కార్సికన్. ఫ్రెంచి బడిలో నేర్చుకున్నాడు, యాస చివరిదాకా పోలేదు. పౌరసత్వం ప్రకారం పుట్టుకతోనే ఫ్రెంచివాడు.

నెపోలియన్ నిజంగా అంత పొట్టివాడా?

కాదు. దాదాపు 168 సెంటీమీటర్లు, ఆ కాలపు ఫ్రెంచి మగవారి సగటు కంటే తక్కువేమీ కాదు. ఫ్రెంచి అడుగు ఇంగ్లిష్ అడుగు కంటే పెద్దది కాబట్టి అక్కడి ఐదడుగుల రెండంగుళాలను ఇంగ్లిష్ కొలతగా చదివి పొరబడ్డారు. జేమ్స్ గిల్రే వంటి బ్రిటిష్ వ్యంగ్య చిత్రకారులు ఆ పొరపాటును స్థిరపరిచారు.

ఒక సామాన్య సైనికుడు చక్రవర్తి ఎలా కాగలిగాడు?

ఆయన సామాన్య సైనికుడు కాదు. చిన్న ప్రభు కుటుంబంలో పుట్టి, రాజు ఖర్చుతో సైనిక పాఠశాలలో చదివిన ఫిరంగి దళ అధికారి. అయితే పాత వ్యవస్థే కొనసాగి ఉంటే పై పదవులు పెద్ద వంశాలకే దక్కేవి. విప్లవంతో ఆ వంశాల అధికారులు విదేశాలకు పారిపోయారు, ప్రతిభకు దారి తెరుచుకుంది. 1793లో తూలోన్ రేవును తిరిగి పట్టుకోవడంలో చూపిన నేర్పుకు 24 ఏళ్లకే బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1796-97 ఇటలీ విజయాలతో దేశమంతా పేరు మోగింది. ఐదుగురు డైరెక్టర్లు నడిపిన డైరెక్టరీ ప్రభుత్వం అవినీతితో, అప్పులతో కూలే స్థితిలో ఉండగా 1799 నవంబర్ 9న కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాడు. 1802లో జీవితకాల కాన్సల్ (దేశ పాలకుడు), 1804లో చక్రవర్తి. ప్రతి మెట్టు దగ్గరా ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాడు. వాటిలో ఓటు రహస్యం కాదు, 1800 నాటి సేకరణలో అనుకూల ఓట్ల సంఖ్యను ప్రభుత్వమే పెంచి ప్రకటించింది. ప్రజల పేరు చెప్పి ప్రజల గొంతు మూయించే పద్ధతికి ఆధునిక కాలంలో ఇది తొలి పాఠాల్లో ఒకటి.

నెపోలియన్ పోప్ చేతిలోంచి కిరీటం లాక్కున్నాడా?

లాక్కోలేదు. 1804 డిసెంబర్ 2న నోత్రదామ్ చర్చిలో తానే కిరీటం పెట్టుకున్నాడు, కానీ అలా చేస్తాడని పోప్ ఏడో పయస్‌కు ముందే తెలుసు.

నెపోలియన్ కోడ్ ఎందుకంత గొప్పదంటారు?

విప్లవానికి ముందు ఫ్రాన్స్‌లో దక్షిణాన రోమన్ న్యాయం, ఉత్తరాన స్థానిక ఆచారాలు నడిచేవి. ప్రాంతం మారితే ఆస్తి, పెళ్లి, వారసత్వ నియమాలు మారిపోయేవి. ఒకే చట్టం కావాలని విప్లవ సభలు తలపెట్టినా పూర్తి చేయలేకపోయాయి. నెపోలియన్ 1800లో నలుగురు న్యాయనిపుణులకు పని అప్పగించాడు, చర్చా సమావేశాల్లో చాలావాటికి తానే అధ్యక్షత వహించాడు. 1804 మార్చి 21న 2,281 అధికరణాలతో కోడ్ వెలువడింది. చదివినవాడికి అర్థమయ్యే భాషలో రాశారు. చట్టం ముందు పురుషులంతా సమానం, పెళ్లి ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి, భూమి మీద ప్రభువుల పాత హక్కులు చెల్లవు, పెద్దకొడుకుకే ఆస్తి అన్న పద్ధతి పోయింది. సైన్యాలతో పాటు ఇది ఇటలీకి, బెల్జియానికి, రైన్ నదీ తీర ప్రాంతాలకు వెళ్లింది. నెపోలియన్ ఓడిపోయాక కూడా అక్కడివారు చాలాచోట్ల దీన్ని వదులుకోలేదు.

గొప్పదని చెప్పేవారు 213వ అధికరణం కూడా చదవాలి. భర్త భార్యకు రక్షణ ఇవ్వాలి, భార్య భర్తకు విధేయంగా ఉండాలి అంటుందది. భర్త అనుమతి లేకుండా భార్య కోర్టుకెక్కలేదు, ఆస్తి అమ్మలేదు. విప్లవం స్త్రీకి ఇచ్చిన కాస్త చోటునూ ఈ కోడ్ కుదించింది. కార్మికుడికీ యజమానికీ కూలి తగాదా వస్తే కోర్టు యజమాని మాటే నమ్మాలన్న నియమం కూడా ఇందులో ఉండేది.

బానిసత్వాన్ని నెపోలియన్ మళ్లీ తెచ్చాడన్నది నిజమేనా?

నిజం. ఆయన గురించి అడిగే ప్రశ్నల్లో నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

నేటి హైతీ అప్పట్లో సాన్ డొమింగ్ అనే ఫ్రెంచి వలస. 1789లో అక్కడ దాదాపు ఐదు లక్షల మంది బానిసలు చెరకు, కాఫీ తోటల్లో చాకిరీ చేసేవారు. ఫ్రాన్స్ సముద్ర వ్యాపారానికి ప్రాణం ఆ ద్వీపమే. మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుడతారని పారిస్ ప్రకటించింది, ఆ మాటను అక్షరాలా నమ్మి నిలబెట్టినవారు మాత్రం ఆ బానిసలు. 1791 ఆగస్టులో తిరగబడ్డారు. వారి ఒత్తిడికి తలవంచి, బ్రిటన్, స్పెయిన్ దాడుల నుంచి ద్వీపాన్ని కాపాడుకోవలసిన అవసరంతో, 1794 ఫిబ్రవరి 4న ఫ్రెంచి సభ వలసలన్నిటా బానిసత్వాన్ని రద్దు చేసింది. తానూ ఒకప్పుడు బానిస అయిన టూసాన్ లూవెర్చూర్ సేనాధిపతిగా ఎదిగి ద్వీపాన్ని ఒక్కతాటి మీదికి తెచ్చాడు.

నెపోలియన్ 1801 చివర తన బావ లక్లేర్ నాయకత్వంలో భారీ సైన్యాన్ని పంపాడు. 1802 మే 20 చట్టంతో, 1794 రద్దు అమలు కాక బానిసత్వం నిలిచి ఉన్న వలసల్లో దాన్ని ధృవీకరించాడు, మరో ఫ్రెంచి వలస గ్వాడలూప్‌లో స్వేచ్ఛ పొందినవారిని తిరిగి సంకెళ్లలోకి నెట్టాడు. టూసాన్‌ను చర్చలకని పిలిచి బంధించి, ఫ్రాన్స్‌లోని చలికొండల మీది జూ అనే కోటలో పెట్టారు. 1803 ఏప్రిల్ 7న అక్కడే చనిపోయాడు. గ్వాడలూప్ వార్త తెలిశాక సాన్ డొమింగ్ లొంగలేదు. పచ్చజ్వరం లక్లేర్‌తో సహా వేలమంది ఫ్రెంచి సైనికులను తీసుకుపోయింది, మిగిలినవారిని తిరుగుబాటు నాయకుడు డెసలీన్ సైన్యం వెర్టియేర్ దగ్గర ఓడించింది. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. ఆ ద్వీపం లేకుండా అమెరికా ఖండంలో ఫ్రెంచి సామ్రాజ్యం మీద ఆశ వదులుకుని నెపోలియన్ 1803లోనే లూసియానా ప్రాంతాన్ని అమెరికాకు కోటిన్నర డాలర్లకు అమ్మేశాడు.

దెబ్బ అక్కడితో ఆగలేదు. 1825లో ఫ్రాన్స్ రాజు యుద్ధనౌకలు పంపి, తోటల యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు ఇస్తేనే స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తానన్నాడు. తరువాత 9 కోట్లకు తగ్గించినా, ఆ మొత్తం కట్టడానికి తెచ్చిన అప్పులు హైతీని తరాల పాటు పిండాయి. ఫ్రెంచి వలసల్లో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1848లో.

## యుద్ధాలు, పతనం

యూరప్ అంతా గెలిచిన నెపోలియన్ బ్రిటన్‌ను ఎందుకు గెలవలేకపోయాడు?

నౌకాబలం లేక. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్ సేనాధిపతి నెల్సన్ నౌకాదళం ఫ్రాన్స్, స్పెయిన్ ఓడలను దెబ్బతీసింది. దాంతో 1806 నవంబర్‌లో బెర్లిన్ నుంచి ఆజ్ఞ జారీచేసి, యూరప్ రేవుల్లోకి బ్రిటిష్ సరుకు రాకుండా మూసేయాలని చూశాడు. ఇంత పొడవు తీరాన్ని కాపలా కాయడం అసాధ్యం. దొంగ రవాణా పెరిగింది, మిత్రదేశాల వర్తకులే నష్టపోయి శత్రువులయ్యారు. తీరాలు మూయించడానికే పోర్చుగల్, స్పెయిన్‌లలోకి వెళ్లి, 1808 నుంచి అక్కడి గెరిల్లా యుద్ధంలో లక్షల సైన్యాన్ని ఇరికించుకున్నాడు.

నెపోలియన్‌ను రష్యాలో ఓడించింది చలేనా?

చలి వచ్చేసరికే సైన్యం సగానికి పైగా కరిగిపోయింది. 1812 జూన్‌లో మొత్తం ఆరు లక్షలకు పైగా మందిని ఆ దండయాత్రకు కూర్చాడు. ఎండ, నీళ్ల విరేచనాలు, టైఫస్, మేత లేక గుర్రాల చావు, సైనికుల పారిపోవడం, ఇవన్నీ వేసవిలోనే మొదలయ్యాయి. రష్యా సేనలు వెనక్కి తగ్గుతూ తిండిగింజలు లేకుండా చేశాయి. సెప్టెంబర్ 7న బొరొడీనో పోరులో రెండు వైపులా కలిపి 70,000 మందికి పైగా చనిపోవడమో గాయపడడమో జరిగింది. మాస్కో చేరింది దాదాపు లక్ష మంది. నగరం తగలబడింది, జార్ అలెగ్జాండర్ సంధికి రాలేదు. అక్టోబర్ 19 దాకా నెపోలియన్ అక్కడే కూర్చోవడం ప్రాణాంతకమైంది. ఆ తరువాతే మంచు.

నెపోలియన్ తన చివరి యుద్ధమైన వాటర్లూలో గెలిచి ఉంటే చరిత్ర మారేదా?

పెద్దగా మారేది కాదు. 1815 జూన్ 18న బ్రిటిష్ సేనాధిపతి వెల్లింగ్టన్‌ను ఓడించినా, ఆస్ట్రియా, రష్యా సైన్యాలు ఇంకా దారిలో ఉన్నాయి. ఫ్రాన్స్ దగ్గర వారితో సుదీర్ఘంగా పోరాడే మనుషులు మిగల్లేదు.

ప్రవాసంలో ఉంచిన సెయింట్ హెలెనా ద్వీపంలో నెపోలియన్‌ను విషం పెట్టి చంపారా?

వైద్యులు ఎక్కువగా ఒప్పుకునేది కడుపులో క్యాన్సర్ అనే. ఆయన వెంట్రుకల్లో ఆర్సెనిక్ దొరికిన మాట నిజమే, కానీ బాల్యం నాటి వెంట్రుకల్లోనూ అది ఉంది. ఆ కాలంలో రంగులు, మందుల ద్వారా అది అందరి ఒంట్లోకీ చేరేది. 1821 మే 5న, 51 ఏళ్ల వయసులో చనిపోయాడు.

## ఆ తరువాత, మన దాకా

జర్మనీ, ఇటలీ ఏకం కావడానికి నెపోలియన్ కారణమా?

ఆయన ఉద్దేశం అది కాదు, ఫలితం మాత్రం అదే. 1806లో పవిత్ర రోమన్ సామ్రాజ్యం రద్దయింది, వందలాది జర్మన్ చిన్న రాజ్యాలు కొన్ని డజన్లుగా కుదించుకుపోయాయి. నెపోలియన్‌ను ఓడించిన దేశాలు 1815లో వియన్నాలో చేసుకున్న ఏర్పాటులో ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ పాత రాజులను నిలబెట్టాడు గాని, ఆ చిన్న రాజ్యాలన్నిటినీ తిరిగి బతికించలేదు, 39 రాజ్యాల సమాఖ్యతో సరిపెట్టాడు. ఇక ఫ్రెంచి ఆక్రమణలో పన్నులు, నిర్బంధ సైనిక సేవ భరించిన జనంలో మేమంతా ఒకటి అన్న భావం పెరిగింది. ఫ్రెంచి సైన్యం బెర్లిన్‌లో ఉండగానే తత్వవేత్త ఫిష్టే 1807-08లో జర్మన్ జాతిని ఉద్దేశించి ఉపన్యాసాలిచ్చాడు.

మూడో నెపోలియన్ ఎవరు? రెండోవాడు ఏమయ్యాడు?

రెండోవాడు నెపోలియన్ కొడుకు. రాజ్యం చేయకుండా వియన్నాలో 21 ఏళ్లకే చనిపోయాడు. మూడోవాడు నెపోలియన్ తమ్ముడు లూయీ కొడుకు. 1848లో అధ్యక్షుడిగా ఎన్నికై, 1852 నుంచి 1870 దాకా చక్రవర్తిగా ఉన్నాడు.

నెపోలియన్ కాలంలో యానాం ఎవరి చేతిలో ఉంది?

బ్రిటిష్ వారి చేతిలో. విప్లవ ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలవగానే 1793లో వారు యానాంతో పాటు పాండిచ్చేరి తదితర ఫ్రెంచి స్థావరాలను పట్టుకున్నారు. నెపోలియన్ 1814లో తొలిసారి ఓడిపోయాకే, ఆ ఏటి పారిస్ ఒప్పందం ప్రకారం వాటిని ఫ్రాన్స్‌కు తిరిగి ఇచ్చారు. యానాం 1954లో భారతదేశంలో కలిసింది.

టిప్పు సుల్తాన్‌తో, హైదరాబాదుతో నెపోలియన్‌కు సంబంధం ఉందా?

ఉంది. ఆ దూరపు కదలికలు తెలుగు నేల సరిహద్దులనే మార్చాయి. 1798లో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. బ్రిటన్‌కు భారతదేశంతో ఉన్న దారిని దెబ్బతీయడం ఆయన లక్ష్యాల్లో ఒకటి. 1799 జనవరిలో టిప్పుకు ఉత్తరం రాశాడు. అది మైసూరు చేరలేదు, బ్రిటిష్ వారికి చిక్కింది. ఫ్రెంచివారు వస్తారన్న భయాన్ని గవర్నర్ జనరల్ వెల్లస్లీ పూర్తిగా వాడుకున్నాడు. మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు పోరాడుతూ మరణించాడు.

అప్పటికే హైదరాబాదు లొంగిపోయింది. నిజాం అలీఖాన్ దగ్గర ఫ్రెంచి అధికారుల కింద దాదాపు 14,000 మంది సైన్యం ఉండేది. దాన్ని నిర్మించిన రేమాన్ 1798 మార్చిలో చనిపోయాడు. ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది, ముసారాంబాగ్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు. సెప్టెంబర్ 1న నిజాం బ్రిటిష్ వారితో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబర్‌లో ఆ ఫ్రెంచి దళం చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చుల కింద 1800లో నిజాం, మైసూరు నుంచి తనకు వచ్చిన బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. అవే దత్తమండలాలు, తరువాత వాటిలో అధిక భాగం రాయలసీమ అయింది. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లను అణచి, రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతిని అక్కడ అమలు చేశాడు.